ప్రాసెసర్ 90 డిగ్రీలు, కంప్యూటర్ ఉన్నట్టుండి ఆఫ్: ముందు ఈ రెండింటినీ విడదీసి చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. మూడు నెలల కిందట కంప్యూటర్ మీరే బిగించుకున్నారు. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, ఒక ఫ్యాను ఉన్న టవర్ కూలర్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు, పాత కంప్యూటర్‌లోంచి తీసిన ఆరేళ్ల నాటి 650 వాట్ల పవర్ సప్లై. సినీబెంచ్ (ప్రాసెసర్‌ని పూర్తి లోడులో పరీక్షించే సాఫ్ట్‌వేర్) నడిపితే ప్రాసెసర్ 90 డిగ్రీలకు వెళ్లి అక్కడే నిలబడుతోంది, కానీ పరీక్ష పూర్తవుతోంది. గేమ్ ఆడుతుంటే మాత్రం 78, 80 డిగ్రీల దగ్గర ఉండగానే, పది పదిహేను నిమిషాల్లో మొత్తం ఆఫ్ అయిపోతోంది. థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడి కూలర్‌కి చేరడానికి రెండింటి మధ్య పూసేది) రెండుసార్లు మార్చినా తేడా లేదు. ఇప్పుడు పెద్ద కూలర్ కొనాలా అని అడుగుతున్నారు.

అప్పుడే కొనకండి. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. 90 డిగ్రీల దగ్గర పది నిమిషాలు నడిచినా ఆగని కంప్యూటర్ 78 డిగ్రీల దగ్గర ఆగిపోతోందంటే, దాన్ని ఆపుతున్నది ప్రాసెసర్ వేడి కాదు. మీ మెషీన్‌లో రెండు వేర్వేరు ఇబ్బందులు ఉన్నాయి. ఒకటి వేడి, రెండోది ఆగిపోవడం. రెండూ ఒకే సమయంలో కనిపిస్తున్నాయి కాబట్టి ఒకదానికి ఒకటి కారణం అనిపిస్తోంది. చాలామంది ఇక్కడే నెలల తరబడి పేస్ట్ మారుస్తూ ఉండిపోతారు.

ప్రాసెసర్ తనను తాను ఎలా కాపాడుకుంటుందో తెలిస్తే ఈ మాట ఎందుకు అంటున్నానో అర్థమవుతుంది. ప్రతి ప్రాసెసర్‌కూ తయారీదారు ఒక గరిష్ఠ ఉష్ణోగ్రత నిర్ణయిస్తాడు. మీ 5800ఎక్స్‌కి అది 90 డిగ్రీలు. 5600ఎక్స్‌కి 95. రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువవాటికి 100. ఆ గీత దగ్గరికి రాగానే ప్రాసెసర్ ఆగిపోదు, వేగం తగ్గించుకుంటుంది. గిగాహెర్ట్జ్ తగ్గుతుంది, తీసుకునే కరెంటు తగ్గుతుంది, దాంతో వేడి ఆ గీత దాటదు. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. మీ సినీబెంచ్‌లో కాంటా 90 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడడానికి కారణం ఇదే. ఇంత చేసినా వేడి ఆగకుండా ఇంకో ఇరవై పాతిక డిగ్రీలు పైకి పోతే, అప్పుడు ప్రాణరక్షణ కోసం మదర్‌బోర్డు కరెంటు కోసేస్తుంది. కూలర్ ఊడిపోయినప్పుడో, లిక్విడ్ కూలర్ పంపు చచ్చిపోయినప్పుడో జరిగే పని అది. అలాంటి మెషీన్ పదిహేను నిమిషాలు గేమ్ ఆడనివ్వదు. ఆన్ చేసిన నిమిషం రెండు నిమిషాల్లో, ఒక్కోసారి బయోస్ (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల) తెరలో ఉండగానే పోతుంది.

అంటే నిజంగా వేడి వల్ల ఆగిపోయే కంప్యూటర్ ముందు నెమ్మదిస్తుంది. గేమ్ తడబడుతుంది, ఫ్రేములు పడిపోతాయి, ఫ్యాన్లు గోల చేస్తాయి, ఆ తర్వాతే ఆగుతుంది. మీది నున్నగా ఆడుతూ ఆడుతూ, ఎవరో ప్లగ్గు పీకేసినట్టు పోతోందని రాశారు. ఈ తేడా చాలా ముఖ్యం.

కాబట్టి ఈసారి ఆగినప్పుడు వెంటనే మళ్లీ ఆన్ చేయకుండా ఒక్క నిమిషం గమనించండి. ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయా? ముందున్న బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, పవర్ సప్లై వెనక స్విచ్ ఒకసారి ఆపి వేశాకే లేస్తోందా? అలా అయితే పవర్ సప్లైలోని రక్షణ పనిచేసి లాక్ అయిందన్నమాట, ఇక అనుమానం దాదాపు అక్కర్లేదు. స్క్రీన్ మాత్రమే నల్లబడి, లోపల ఫ్యాన్లు తిరుగుతూనే ఉండి, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు ఫుల్ స్పీడులో అరుస్తుంటే గ్రాఫిక్స్ కార్డు లేదా దాని పవర్ కేబుల్ వైపు చూడాలి. దానంతట అదే రీస్టార్ట్ అవుతుంటే వేరే కథ. అప్పుడు విండోస్‌లో బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు తనంతట తాను రీస్టార్ట్ అయ్యే ఆప్షన్ తీసేయండి. నిజంగా బ్లూ స్క్రీన్ వస్తుంటే అది తెర మీద నిలబడి కనబడుతుంది.

విండోస్ తన సంఘటనలు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నెల్ పవర్ 41' అని ఎర్రటి ఎంట్రీ చూసి టెన్షన్ పడ్డానని రాశారు. అది కారణం కాదు, కేవలం కబురు. 'పోయినసారి నన్ను సరిగ్గా షట్‌డౌన్ చేయలేదు' అని విండోస్ తిరిగి లేచాక రాసుకునే మాట అది. గోడ దగ్గర స్విచ్ ఆపేసినా అదే ఎంట్రీ వస్తుంది. ఆ ఎంట్రీ తెరిచి వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ నంబరు) చూడండి. సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ రాలేదు, విండోస్‌కి ఏం జరిగిందో తెలిసే లోపలే కరెంటు పోయింది. దానికి అటూ ఇటూ ఉన్న సమయంలో 'డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ 18' అనే ఎంట్రీ కనిపిస్తే మాత్రం ప్రాసెసర్ తనలోనే తప్పు పట్టుకుందని అర్థం. ఓవర్‌క్లాకింగ్, ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో ఎక్కువ మైనస్ పెట్టడం, ర్యామ్ వేగం, అరుదుగా చెడ్డ ప్రాసెసర్, వీటిని అనుమానించాలి. మీరు పెట్టిన వివరాల్లో అది లేదు, 41 ఒక్కటే ఉంది. ఇది కూడా పవర్ వైపే వేలు చూపిస్తోంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆర్‌టీఎక్స్ 3080 అధికారికంగా 320 వాట్ల కార్డు. దానికి తయారీదారు సూచించిన పవర్ సప్లై 750 వాట్లు. మీ ప్రాసెసర్ పెట్టె మీద 105 వాట్లు అని ఉన్నా, సాకెట్ నుంచి అది తీసుకోగల పరిమితి 142 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఇంకో 50, 60 అనుకోండి. మొత్తం 520 చుట్టుపక్కల. 650లో సరిపోయింది కదా అనిపిస్తుంది. సగటు లెక్కకు సరిపోతుంది, కానీ గ్రాఫిక్స్ కార్డు సగటున నడవదు. గేమ్‌లో దృశ్యం మారినప్పుడల్లా కొన్ని మిల్లీసెకన్లు, అంతకన్నా తక్కువసేపు కూడా, తన రేటింగ్‌కి చాలా పైకి లేచి మళ్లీ దిగుతుంది. ఆ లేచే క్షణాన్ని పవర్ సప్లై ఓర్చుకోవాలి. ఓర్చుకోలేకపోతే షార్ట్ సర్క్యూటో, ఓవర్‌లోడో అనుకుని ఆపేసుకుంటుంది. అది చెడిపోయిందని కాదు, తన పని తాను చేస్తోంది. ఈ క్షణికమైన ఎగుడుదిగుళ్ల వల్లే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే పవర్ సప్లై ప్రమాణంలో కొత్త నిబంధన పెట్టారు: పవర్ సప్లై 100 మైక్రోసెకన్ల పాటు తన రేటింగ్‌కి రెట్టింపు లోడు తట్టుకోవాలి. మీ పవర్ సప్లై ఆరేళ్ల నాటిది. ఈ నిబంధన అప్పటికి లేదు. పైగా లోపలి కెపాసిటర్లు వయసుతో బలహీనపడతాయి.

సినీబెంచ్‌లో ఎందుకు ఆగదు, గేమ్‌లోనే ఎందుకు ఆగుతుంది అన్నదానికి ఇదే నా సమాధానం. సినీబెంచ్‌లో గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంటుంది. ప్రాసెసర్ మండిపోతున్నా మొత్తం లోడు పవర్ సప్లైకి చిన్నదే. గేమ్‌లో ప్రాసెసర్ చల్లగా ఉన్నా మొత్తం లోడు రెండింతలు. మీ మెషీన్ ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు కాదు, ఎక్కువ కరెంటు లాగుతున్నప్పుడు ఆగుతోంది.

నేను చెప్పానని నమ్మి కొత్త పవర్ సప్లై కూడా కొనకండి. పైసా ఖర్చు లేకుండా తేల్చుకునే ప్రయోగం ఉంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించండి. గేమ్‌లో ఫ్రేము రేటు 60కి కట్టేయండి. మిగతావి ఏవీ ముట్టుకోకండి. అదే గేమ్, అదే చోటు, గంటసేపు ఆడండి. ఆగకపోతే సమస్య పవర్‌దే. తర్వాత దీనికి ఎదురు ప్రయోగం చేయండి. గ్రాఫిక్స్ కార్డుని మళ్లీ 100 శాతానికి తెచ్చి, ప్రాసెసర్‌ని మాత్రం బయోస్‌లో, తక్కువ కరెంటుతో నడిపే ఈకో మోడ్‌లో, 65 వాట్ల సెట్టింగ్‌లో పెట్టండి. ప్రాసెసర్ 65 డిగ్రీల్లో ఉన్నా మెషీన్ ఆగిపోతే, కూలర్‌కి ఈ షట్‌డౌన్‌తో సంబంధం లేదని మీ కళ్లతో మీరే చూసినట్టు. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

గ్రాఫిక్స్ కార్డుని పరీక్షించే ఫర్‌మార్క్ నడిపినా ఆగలేదని మీకు అనిపించవచ్చు. అది నిలకడైన లోడు, ఎగుడుదిగుళ్లు తక్కువ. ఫర్‌మార్క్ పాసై గేమ్‌లో ఆగే మెషీన్లు చాలా చూశాను.

ఈ ప్రయోగాలు చేసేటప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో సెన్సర్ల లాగింగ్ ఆన్ చేసి పెట్టండి. సెకనుకోసారి వివరాలు ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. ఆగిపోయాక ఆ ఫైల్ తెరిచి చివరి వరుసలు చూడండి. చివరి సెకను ఫైల్లోకి ఎక్కకపోవచ్చు కానీ దాని ముందువి ఉంటాయి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ప్రాసెసర్ తీసుకుంటున్న వాట్లు, మదర్‌బోర్డు వీఆర్ఎం (ప్రాసెసర్‌కి వోల్టేజీ సర్దే భాగం) ఉష్ణోగ్రత, గ్రాఫిక్స్ కార్డు హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికన్నా వేడి చోటు), దాని మెమరీ ఉష్ణోగ్రత, దాని వాట్లు చూడాలి. మీ కార్డులోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది, ఆ అంకె కనబడితే కార్డు థర్మల్ ప్యాడ్ల (మెమరీ వేడిని కార్డు కూలర్‌కి చేర్చే మెత్తటి ముక్కల) సంగతి వేరేగా చూడాలి. 12 వోల్ట్ల లైను కూడా అందులో కనిపిస్తుంది. ప్రమాణం ప్రకారం అది 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. అయితే మదర్‌బోర్డు సెన్సరు చూపే వోల్టేజీ అంత నమ్మదగ్గది కాదు. అది 11.2 చూపిస్తే భయపడకుండా మల్టీమీటరుతో ఒకసారి సరిచూడండి.

పవర్ సప్లైని తప్పుపట్టే ముందు కేబుళ్లు చూడాలి. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నా సొంత మెషీన్‌లో నేను దెబ్బతిన్నది ఇక్కడే. కొన్నేళ్ల కిందట నా కంప్యూటర్ 74 డిగ్రీల దగ్గర ఆగిపోతుండేది. పేస్ట్ మూడుసార్లు మార్చాను, కొత్త కూలర్ కొన్నాను, క్యాబినెట్‌కి ఇంకో రెండు ఫ్యాన్లు పెట్టాను. వేడి 66కి దిగింది, ఆగడం మాత్రం ఆగలేదు. చివరికి అన్నీ ఊడదీస్తుంటే మదర్‌బోర్డు పైమూలలో ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే 4+4 పిన్నుల ప్లగ్గులో ఒక సగం పూర్తిగా దిగలేదని తెలిసింది. గొళ్లెం పడలేదు. రెండు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంది. అంటే ఆ పిన్నుల దగ్గర కాంటాక్టు సరిగ్గా లేక అక్కడే వేడెక్కి, లోడు పెరిగినప్పుడు వోల్టేజీ పడిపోతోంది. ఆ ప్లగ్గు కూలర్ వెనక నక్కి ఉంటుంది, చేతికి అందదు, కంటికి కనబడదు. కాబట్టి మీరు టార్చిలైటు వేసి చూడండి, ప్లగ్గు ఊడదీసి పిన్నుల రంగు చూడండి, మళ్లీ టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి. ఇదే మీ సమస్య అని చెప్పడం లేదు, కానీ రెండు నిమిషాల పని చేయకుండా వేలు ఖర్చుపెట్టడం నాకు ఇష్టం లేదు.

గ్రాఫిక్స్ కార్డుకి రెండు 8 పిన్నుల సాకెట్లు ఉంటే, పవర్ సప్లై నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు రావాలి. ఒకే కేబుల్ చివర రెండు తలలున్నది చాలామంది వాడతారు. ప్రమాణం ప్రకారం ఒక్కో 8 పిన్నుల కనెక్టర్‌కి 150 వాట్లు. రెండు తలల కేబుల్లో ఆ మొత్తమంతా పవర్ సప్లై వైపు ఒక్క ప్లగ్గు గుండా రావాలి. 320 వాట్ల కార్డుకి అది మంచిది కాదు. ఒక్కోసారి ఈ మార్పు ఒక్కటే షట్‌డౌన్లు ఆపేస్తుంది.

ఇంకో హెచ్చరిక. మీ పవర్ సప్లై కేబుళ్లు ఊడదీసే రకమైతే, దానితో వచ్చిన కేబుళ్లే వాడండి. కంప్యూటర్ వైపు ప్లగ్గులు అన్ని కంపెనీలకూ ఒకటే, పవర్ సప్లై వైపు మాత్రం పిన్నుల వరస కంపెనీని బట్టి, ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టి కూడా మారుతుంది. ప్లగ్గు చక్కగా దూరుతుంది, కరెంటు తప్పు తీగలోకి వెళ్తుంది, హార్డ్ డిస్కులు కాలిపోతాయి. పాత కంప్యూటర్‌లోంచి తెచ్చుకున్నానన్నారు కాబట్టి కేబుళ్లు కూడా అక్కడివేనా అని ఒకసారి చూసుకోండి.

గోడ వైపు కూడా ఒక చూపు వేయండి. కంప్యూటర్‌ని యూపీఎస్ ద్వారా నడుపుతున్నారా? యూపీఎస్ మీద రాసే వీఏ అంకె వాట్లు కాదు. 600 వీఏ అంటే చాలా మోడళ్లలో 360 వాట్ల చుట్టుపక్కల. గేమ్‌లో 500 వాట్లు లాగితే యూపీఎస్సే ఓవర్‌లోడని ఆపేస్తుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డులో వదులైన ప్లగ్గు కూడా అచ్చం ఇలాగే నాటకం ఆడిస్తుంది. ఒకరోజు కంప్యూటర్‌ని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆడి చూడండి. క్యాబినెట్ పవర్ బటన్ ఇరుక్కుపోవడం కూడా జరుగుతుంది. నాలుగు సెకన్లు నొక్కిపట్టినట్టయితే మదర్‌బోర్డు మెషీన్‌ని ఆపేస్తుంది. ఆన్ అయ్యాక ఆ బటన్ వైరు మదర్‌బోర్డు నుంచి ఊడదీసి ఆడితే ఈ అనుమానం తీరిపోతుంది.

ఇవన్నీ చూశాక, 70 శాతం ప్రయోగంలో ఆగకుండా నడిస్తే, పవర్ సప్లై మార్చండి. మీ భాగాలకు 750 సరిపోతుంది, 850 అయితే నిశ్చింత. ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని రాసి ఉన్నది చూసుకోండి. 80 ప్లస్ గోల్డ్ అనే ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, క్షణికమైన లోడు ఎంత తట్టుకుంటుందో చెప్పదు. పాత పవర్ సప్లైని విప్పి బాగుచేద్దామని మాత్రం చూడకండి. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి నిలిచి ఉంటుంది.

ఇప్పుడు వేడి సంగతి. షట్‌డౌన్‌కి కారణం కాకపోయినా 90 దగ్గర నిలబడడం మంచి స్థితి కాదు, వేగం నష్టపోతున్నారు. కానీ దీన్ని నిదానంగా చూసుకోవచ్చు.

మొదట ఒక మాట తెలుసుకోండి. 5800ఎక్స్ పుట్టుకతోనే వేడి ప్రాసెసర్. ఎనిమిది కోర్లూ వేలిగోరంత, సుమారు 80 చదరపు మిల్లీమీటర్ల ఒకే చిప్పులో ఉన్నాయి. 142 వాట్లలో పెద్ద భాగం ఆ కొంచెం చోటులోంచే బయటికి రావాలి. అదే 142 వాట్ల పరిమితి ఉన్న 5900ఎక్స్‌లో కోర్లు రెండు చిప్పుల్లో సర్దుకుని ఉంటాయి, అందుకే అది ఇంకాస్త చల్లగా ఉంటుంది. కాబట్టి లోడు పడగానే మీ కాంటా ఒక్క ఉదుటున 75కి గెంతడం చూసి కూలర్ బిగించడంలో తప్పుందని నిర్ణయించేయకండి.

నేను చూసేది వేడి ఎంత ఉందని కాదు, ఎంత సేపట్లో పెరిగిందని. లోడు వేసిన రెండు మూడు సెకన్లలోనే 90 తాకితే, ప్రాసెసర్ నుంచి కూలర్‌కి వేడి చేరడం లేదు. పేస్ట్, బిగింపు, కూలర్ అడుగు చూడాలి. మొదటి నిమిషం 78లో ఉండి, పది నిమిషాల్లో మెల్లగా పాకుతూ 90కి చేరితే, కూలర్‌కి వేడి చేరుతోంది కానీ దాన్ని ఎత్తుకెళ్లే గాలి లేదు. అప్పుడు ఫ్యాన్లు, క్యాబినెట్ చూడాలి. ఈ ఒక్క గమనింపు మీకు సగం పని తగ్గిస్తుంది.

మెల్లగా పెరిగే ఈ రెండో రకం వేడి గాలి వల్లనే అని తేల్చుకోవడానికి క్యాబినెట్ పక్క తలుపు తీసేసి మళ్లీ నడపండి. ఏడెనిమిది డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ తగ్గితే కూలర్ తప్పు కాదు, దానికి అందుతున్నది వేడి గాలి. మీ గేమ్‌లో జరుగుతున్నది ఇదేనని నా అంచనా. గేమ్‌లో ప్రాసెసర్ తీసుకునేది 70, 80 వాట్లే అయినా 78 డిగ్రీలు చూపిస్తోందంటే, కింద 320 వాట్ల గ్రాఫిక్స్ కార్డు ఊదిన గాలినే పైన టవర్ కూలర్ పీలుస్తోంది. ముందు నుంచి రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, ఈ ఏర్పాటు చాలా క్యాబినెట్లకు చాలు. ముందు భాగం గాజు పలకతో మూసేసిన క్యాబినెట్ అయితే ఫ్యాన్లు ఎన్ని పెట్టినా పీల్చుకోవడానికి గాలి ఉండదు. ఫ్యాను ఏ వైపు ఊదుతుందో అనుమానం ఉంటే దాని వెనక అడ్డపట్టీలు ఉన్న వైపు చూడండి, గాలి ఆ వైపు నుంచే బయటికి వస్తుంది. మూడు నెలల మెషీన్ అయినా ముందు జాలీ దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు, చూడండి.

గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. గది ఐదు డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. అందుకే పొద్దున చేసిన పరీక్షను మధ్యాహ్నం చేసినదానితో పోల్చకండి. నేను వాడే పద్ధతి ఇది: ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రత తీసేసి, వచ్చినదాన్ని ఆ సమయంలో ప్రాసెసర్ తీసుకున్న వాట్లతో భాగించడం. గది 30, ప్రాసెసర్ 90, వాట్లు 120 అయితే, 60ని 120తో భాగిస్తే వాట్‌కి 0.5 డిగ్రీలు. కూలర్ మళ్లీ బిగించాక గది 26 ఉన్న రోజు 82 డిగ్రీలు, 130 వాట్లు వచ్చాయనుకోండి, అది 0.43. అంటే నిజంగానే బాగుపడింది. అదే 0.5 దగ్గరే ఉంటే తగ్గింది వాతావరణం, మీ కూలర్ పనితనం కాదు.

కూలర్ విప్పాల్సి వస్తే, ముందు కంప్యూటర్‌ని కాసేపు నడిపి పేస్ట్ వెచ్చబడనివ్వండి. తర్వాత ఆపి, ప్లగ్గు తీసి, స్క్రూలు వదులుచేసి, కూలర్‌ని నేరుగా పైకి లాగకుండా మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పుతూ వదిలించండి. మీ ఏఎం4 సాకెట్‌లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. చల్లారి గట్టిపడ్డ పేస్ట్‌తో లాగితే సాకెట్ లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌తో పాటు ఊడివస్తుంది, పిన్నులు వంగుతాయి. ఊడదీయగానే తుడిచేయకండి, ముద్ర చూడండి. పేస్ట్ రెండు వైపులా పల్చగా, సమంగా పరుచుకుని ఉంటే బిగింపు బాగున్నట్టే. ఒక వైపు దళసరిగా, ఇంకో వైపు లోహం కనబడేంత పల్చగా ఉంటే కూలర్ ఒరిగి కూర్చుంది. మధ్యలో అసలు తగలకపోతే బ్రాకెట్ తప్పు. కూలర్ అడుగున పారదర్శకమైన పల్చటి ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోయే అవకాశం కూడా ఉంది, దాన్ని వేలిగోరుతో గీకి చూడండి.

మళ్లీ బిగించేటప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు ముఖాలూ శుభ్రం చేసి, మధ్యలో బఠానీ గింజంత పేస్ట్ పెట్టి, స్క్రూలను మూలకు మూల, ఒక్కోదాన్ని రెండు మూడు చుట్లు చొప్పున బిగించండి. ఒక స్క్రూ పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే కూలర్ ఒరిగిపోతుంది. పేస్ట్ కంపెనీ మార్చితే వచ్చేది రెండు మూడు డిగ్రీలే, బిగింపు సరిచేస్తే పది కూడా రావచ్చు. ఇప్పటికి రెండుసార్లు పేస్ట్ మార్చారు, ముద్ర ఎలా ఉందో మాత్రం రాయలేదు. నాకు కావాల్సింది అదే.

బయోస్‌లో ఒక సెట్టింగ్ చూడండి. కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ కరెంటు పరిమితులు పెంచే పీబీఓ అనే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ 'ఆటో' అని ఉన్నా పరిమితులు ఎత్తేసి ఉంటాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో పీపీటీ (సాకెట్ నుంచి తీసుకోగల వాట్లు) పరిమితి 142 చూపించాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే పీబీఓ ఆపేయండి. ఆ తర్వాత కూడా వేడి నచ్చకపోతే, నా ఉద్దేశంలో అన్నిటికన్నా మంచి మందు ఈకో మోడ్. 65 వాట్ల సెట్టింగ్‌లో పరిమితి 142 నుంచి 88 వాట్లకు దిగుతుంది. వేడి గణనీయంగా తగ్గుతుంది, గేముల్లో తేడా దాదాపు తెలియదు, వీడియో రెండరింగ్ లాంటి అన్ని కోర్లూ వాడే పనుల్లో కొంత తగ్గుదల ఉంటుంది. కర్వ్ ఆప్టిమైజర్‌లో మైనస్ 10తో మొదలుపెట్టి వోల్టేజీ తగ్గించుకోవచ్చు కూడా. కానీ షట్‌డౌన్ సమస్య పూర్తిగా తీరేదాకా దాన్ని ముట్టుకోకండి. అది అతిగా తగ్గితే ఖాళీగా ఉన్నప్పుడు కూడా రీస్టార్టులు వస్తాయి, మీకు రెండు చిక్కుముళ్లు మూడు అవుతాయి.

ఇదే రకం ఇబ్బందితో వేరే ప్రాసెసర్లు వాడేవాళ్లకు రెండు మాటలు. లిక్విడ్ కూలర్ ఉంటే మొదట పంపు ఆర్‌పీఎం చూడండి. సున్నా అయినా, పైకీ కిందికీ ఊగుతున్నా ఇంకేమీ వెతకక్కర్లేదు. పంపు కన్నా రేడియేటర్ పైభాగం ఎత్తులో ఉండాలి, లేకపోతే గాలి బుడగలు పంపులో చేరతాయి. ఇంటెల్ 13, 14 తరాల కోర్ ఐ7, ఐ9 వాడేవాళ్లు, గేముల్లో క్రాష్‌లు, రీస్టార్టులు ఉంటే, ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. వోల్టేజీ అవసరానికి మించి వెళ్లి ఆ ప్రాసెసర్లు క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, ఆగస్టు నుంచి బయోస్ అప్‌డేట్‌తో వచ్చే దిద్దుబాటు మైక్రోకోడ్‌లు విడుదల చేసింది, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని అప్‌డేట్ బాగుచేయదు, దాన్ని వారంటీలో మార్పించుకోవాలి. పాత ఇంటెల్ సాకెట్ ఎల్‌జీఏ1200 కూలర్‌ని దాని తర్వాతి ఎల్‌జీఏ1700 బోర్డుకి పెట్టినవాళ్లు సరైన బ్రాకెట్ వాడారా చూసుకోవాలి. కొత్త సాకెట్ రంధ్రాల దూరం 75 నుంచి 78 మిల్లీమీటర్లకు మారింది, ప్రాసెసర్ ఎత్తు కూడా తగ్గింది. పాత బ్రాకెట్‌ని ఎలాగో సర్దితే కూలర్ బిగినట్టే ఉంటుంది కానీ గట్టిగా తగలదు.

మీ విషయానికి వస్తే, ఇవాళ రాత్రి చేయాల్సినవి మూడే. ప్రాసెసర్ పవర్ ప్లగ్గు ఊడదీసి పిన్నులు చూడండి. గ్రాఫిక్స్ కార్డుకి రెండు వేర్వేరు కేబుళ్లు ఇవ్వండి. నేరుగా గోడ సాకెట్ నుంచి, 70 శాతం పవర్ లిమిట్‌తో గంటసేపు ఆడండి. ఆగిందా లేదా, ఆగితే వెనక స్విచ్ తిప్పకుండా లేచిందా, లాగ్ ఫైల్లో చివరి పది వరుసల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వాట్లు ఎంత ఉన్నాయి, ఇవి చెప్పండి. పవర్ సప్లై లేబుల్ మీద 12 వోల్ట్ల లైనుకి ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో కూడా చూసి చెప్పండి. 650 వాట్లని రాసి, ఆ లైనుకి 40 ఆంపియర్లు మాత్రమే ఇచ్చే పాత మోడళ్లు ఉన్నాయి. 40ని 12తో గుణిస్తే 480 వాట్లే వస్తుంది, మీ ప్రాసెసర్, కార్డు రెండూ బతికేది ఆ లైను మీదే.